భూమి మొత్తమే చెబుతుంది

మద్దేడులో నిలబడితే ఉండే బరువూ, గోదావరి లోయ నడుమ నిలబడితే ఉండే బరువూ ఒకటి కావు. ఎత్తు, అక్షాంశం లాంటి వాటి ప్రభావమంతా లెక్కగట్టి తీసేశాక కూడా చిన్న తేడా మిగులుతుంది. ఆ మిగిలింది కాళ్ళ కింది రాళ్ళది. గురుత్వాన్ని కొలిచే చిన్న కొలమానం మిల్లీగాల్. పది మిల్లీగాళ్ళ తేడా అంటే 60 కిలోల మనిషి తూకంలో అర గ్రాము పైచిలుకు. మన ఒంటికి అది తెలియదు, కాటా పట్టుకోలేదు. అయినా ఆ అర గ్రాము వెనక వందల మీటర్ల మందాన ఇసుకరాయి ఉండొచ్చు, కోట్ల ఏళ్ళ కింద భూమి పగిలి కుంగిన చరిత్ర ఉండొచ్చు. ఇంత చిన్న అంకె మీద అంత పెద్ద చరిత్రను ఎలా నిలబెడతారు, ఎంతవరకు నిలబెట్టవచ్చు అన్న ఆలోచన నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

జగదల్‌పూర్ నుంచి గీదం, బీజాపూర్ మీదుగా భోపాలపట్నం పోయే రోడ్డు మీద ఉంటుంది మద్దేడు. ఇటువైపు సంతల్లో తెలుగు, గోండీ, దోర్లీ, హల్బీ అన్నీ వినబడతాయి. వేసవి ముదిరితే తునికాకు పని. మిరప కోతల కాలమొస్తే గోదావరి దాటి తెలంగాణ పల్లెలకు కూలికి పోవడం. భోపాలపట్నం దాటి ఇంకా ముందుకు పోతే భద్రకాళి దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ నదులు అందరికీ కనబడేవి. వీటి అడుగున కనబడని లోయ ఒకటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ప్రాణహిత–గోదావరి పగులు లోయ అంటారు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా సాగే తొట్టి అది. దానికి నైరుతి గట్టు ధార్వార్ క్రేటన్, ఈశాన్య గట్టు బస్తర్ క్రేటన్. క్రేటన్లంటే వందల కోట్ల ఏళ్ళుగా పెద్దగా చెదరకుండా నిలిచిన పాత ఖండపు ముక్కలు. మద్దేడు ఈశాన్యపు గట్టు వైపు ఊరు.

ఈ లోయను మొదట కాలినడకన చదివారు. విలియం కింగ్ రాసిన ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భ వివరణను 1881లో జియలాజికల్ సర్వే ప్రచురించింది. అంతకు పదేళ్ళ ముందే ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించినవాడు ఆయనే. సింగరేణి చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. చేతిలో సుత్తి, దిక్సూచి, వాగు కోసిన చోట బయటపడ్డ రాతి పొరలు, అవి ఏ వైపు ఎంత వాలాయో చూసి రాసుకున్న కొలతలు: ఆయన దగ్గర ఉన్న ఆధారాలు ఇవే. పైన కనబడే పొర వాలును బట్టి అది లోపల ఎక్కడికి దిగుతుందో ఊహించాలి. వాలు మారినా, మధ్యలో పగులొచ్చి పొర తెగినా ఊహ తప్పుతుంది.

1961లో హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. ఎన్‌.జి.ఆర్‌.ఐ. అంటేనే అందరికీ తెలుస్తుంది. ఎం.ఎన్. ఖురేషీ, ఎన్. కృష్ణబ్రహ్మం మరి ఇద్దరు సహచరులతో కలిసి గోదావరి లోయ మీద తీసిన గురుత్వపు కొలతలను 1968లో అమెరికా జియలాజికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. లోయ నడుమ గురుత్వం తగ్గుతుంది, రెండు గట్ల మీద పెరుగుతుంది. తగ్గడానికి కారణం తొట్టిని నింపిన ఇసుకరాళ్ళు, షేలు రాళ్ళు, బొగ్గు పొరలు. ఇవన్నీ చుట్టూ ఉన్న నైస్, గ్రానైటు కన్నా తేలిక. గట్ల మీద ఉన్నవి బరువు రాళ్ళు. కరీంనగర్ వైపు ఒక గ్రాన్యులైట్ పట్టీ, భోపాలపట్నం వైపు ఒక గ్రాన్యులైట్ పట్టీ. భూమి పైపెంకులో బాగా లోతున, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉడికి తర్వాత పైకొచ్చిన రాయి గ్రాన్యులైట్. భోపాలపట్నం ప్రాంతంలో దొరికే కురువిందం కూడా అలాంటి వేడిని చూసి వచ్చిందే. లోయకు రెండు గట్లూ చూడటానికి జోడీలా ఉన్నా వాటి రాళ్ళ వయసులు ఒకటి కావు. ఈ రెండు ఖండపు ముక్కలు ఎప్పుడు, ఎలా దగ్గరకొచ్చాయన్నది ఇప్పటికీ చర్చల్లో ఉన్న విషయం.

ఈ కొలత ఎలా తీస్తారో దగ్గరగా చూస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. గ్రావిమీటర్ చూడటానికి చిన్న పెట్టె. లోపల స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు. రోడ్డు పక్కన గట్టి నేల చూసి మూడు కాళ్ళ పళ్ళెం పెట్టి, పెట్టెను దాని మీద నిలుపుతారు. మరలు తిప్పుతూ రెండు నీటిబుడగలనూ సరిగ్గా నడిమికి తెస్తారు. కంటి గొట్టంలోంచి చూస్తే సన్నని గీత కదులుతుంటుంది. అది నిర్ణీత గుర్తు మీద ఆగేదాకా డయల్ తిప్పాలి. దగ్గర్లో లారీ పోతే గీత వణుకుతుంది, అది వెళ్ళిపోయేదాకా ఆగాలి. ఆగిన చోట అంకె రాసుకోవాలి, గంటా నిమిషమూ రాసుకోవాలి. స్ప్రింగు తనకు తానే నెమ్మదిగా సాగుతుంది కాబట్టి మొదట కొలిచిన చోటికే మళ్ళీ వచ్చి కొలవాలి. చంద్రుడూ సూర్యుడూ లాగే లాగుడు వల్ల కూడా రోజులో 0.3 మిల్లీగాల్ దాకా తేడా వస్తుంది, దాన్నీ తీసేయాలి. మూడు మీటర్లు పైకెక్కితే దాదాపు ఒక మిల్లీగాల్ తగ్గుతుంది. ఎత్తు కొలవడంలో అజాగ్రత్త జరిగితే ఆ తప్పు రాయి రూపంలో పటంలోకి ఎక్కి కూర్చుంటుంది. అక్షాంశానికి, ఎత్తుకు, చుట్టుపక్కల గుట్టలకు అన్నిటికీ లెక్క సరిచేశాక మిగిలిన దాన్నే అనామలీ అంటారు.

అయస్కాంతపు కొలత ఇంకో రకం. ప్రోటాన్ మ్యాగ్నెటోమీటర్‌లో ఒక సీసా ఉంటుంది. అందులో హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న ద్రవం, చాలాసార్లు కిరసనాయిలే, పోస్తారు. చుట్టూ ఉన్న తీగచుట్టలో కాసేపు విద్యుత్తు పంపి ఆపేస్తే ద్రవంలోని ప్రోటాన్లు భూమి అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. మన ప్రాంతంలో ఆ క్షేత్రం 42 వేల నానోటెస్లాల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అవి సెకనుకు సుమారు 1,800 సార్లు తిరుగుతాయి. ఆ వేగం చూసి క్షేత్రం ఎంతో చెబుతారు. కొలిచే మనిషి జేబులో తాళాలుండకూడదు, నడుముకు ఇనుప బకిల్ ఉండకూడదు, సెల్‌ఫోను దూరంగా పెట్టాలి. కరెంటు తీగలు, చేతిపంపులు, రేకుల కప్పులు ఉన్న చోటికి దూరంగా జరగాలి. పల్లెలో మనుషులుండే చోటల్లా ఇనుముంటుంది. అందుకే ఈ పరికరం పట్టుకున్నవాళ్ళు ఊరి నుంచి పొలాల వైపు, అడవి వైపు నడుస్తారు.

ఇలా దేశమంతటా ప్రతి రెండున్నర చదరపు కిలోమీటర్లకు ఒక కొలత చొప్పున తీసే పెద్ద పథకాన్ని జియలాజికల్ సర్వే నడిపింది. 2006లో దేశ గురుత్వ పటాల వరుస వెలువడింది. పటం మీద ఎరుపు, పసుపు, నీలం రంగులు అందంగా పరుచుకుని ఉంటాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ప్రతి అంకెలోనూ కింద ఉన్నదంతా కలిసిపోయి ఉంటుంది. పైనున్న ఎర్రమట్టి, దాని కింది మొరం, నైస్, ఇంకా లోతున ఉన్న బరువు రాళ్ళు, పక్క ఊరి కిందున్నవి కూడా. ఎవరి వాటా ఎంతో యంత్రం చెప్పదు. సంత నుంచి వచ్చిన సంచీని మూతి విప్పకుండా ఎత్తి చూసి, లోపల ఉప్పెంత, బియ్యమెంత, చింతపండెంత అని చెప్పమన్నట్టు ఉంటుంది. ఘనసెంటీమీటరుకు 0.4 గ్రాములు తేలికైన ఇసుకరాయి ఒక కిలోమీటరు మందాన విశాలంగా పరుచుకుంటే గురుత్వం సుమారు 17 మిల్లీగాళ్ళు తగ్గుతుంది. 0.2 గ్రాములు మాత్రమే తేలికైన రాయి రెండు కిలోమీటర్ల మందాన ఉన్నా తగ్గేది ఆ 17 మిల్లీగాళ్ళే. పైన నిలబడి కొలిచేవాడికి ఈ రెండిటికీ తేడా తెలియదు. ఒక కిలోమీటరు తవ్వాలా, రెండు తవ్వాలా అని ఆలోచించేవాడికి మాత్రం తేడా చాలా పెద్దది. 1947లోనే డి.సి. స్కీల్స్ అనే భూభౌతిక శాస్త్రవేత్త ఈ అనిశ్చితి మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. కొలత ఎంత కచ్చితమైనా, కంప్యూటర్ ఎంత వేగమైనా ఈ గుణం పోదు. గురుత్వ నియమంలోనే ఉంది అది.

అలాంటప్పుడు కంప్యూటర్ చేసే పనేమిటి? భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మాణిక్ తల్వానీ 1959లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక సులువైన దారి చూపాడు. రాతి దిబ్బ ఎంత వంకరటింకరగా ఉన్నా దాని అడ్డుకోతను బహుభుజిగా గీస్తే చాలు, అది పైన ఎంత గురుత్వం చూపుతుందో కంప్యూటర్ లెక్కగట్టి ఇస్తుంది. ఊహ మనది, లెక్క దానిది. ఊహించిన రాయి చూపే గురుత్వాన్ని కొలిచిన దానితో పోల్చాలి, సరిపోకపోతే మూలలు జరపాలి, మళ్ళీ పోల్చాలి. మరుసటి ఏడాది ఎం.హెచ్.పి. బాట్ ఈ సరిదిద్దే పనిని కూడా యంత్రానికే ఒప్పగించే పద్ధతి చెప్పాడు. అవక్షేపాల తొట్టి అడుగు ఎంత లోతో కంప్యూటరే దశలవారీగా సర్దుకుంటూ పోతుంది.

ఈ పనిలో తెలుగువాళ్ళ చెయ్యి పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఐ.వి. రాధాకృష్ణమూర్తి గురుత్వ, అయస్కాంత కొలతల వివరణ మీద రాసిన గ్రంథాన్ని 1998లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వెలువరించింది. మరొక ముఖ్యమైన సంగతిని డి. భాస్కరరావు పట్టుకున్నారు. తొట్టిలో పేరుకున్న ఇసుక, బురద పైపొరల బరువుకు అణిగి లోతుకు పోయే కొద్దీ గట్టిపడతాయి, బరువెక్కుతాయి. పైనుంచి కిందిదాకా ఒకటే సాంద్రత అనుకుంటే అడుగు లోతు తప్పొస్తుంది. లోతుతో పాటు సాంద్రత ఎలా మారుతుందో వర్గ సమీకరణంలో పెట్టి ఆయన 1980లలో లెక్క సవరించారు. తర్వాత వి. చక్రవర్తి, ఎన్. సుందరరాజన్ మరో రకం సూత్రంతో మూడు కొలతల నమూనాలు కట్టి, గోదావరి లోయలోదే అయిన చింతలపూడి తొట్టి మీద పరీక్షించారు. ఇప్పుడు ఫటియాండో, సింపెగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వెనకటి తరం చుక్కల పటాల మీద చేత్తో లెక్కపెట్టిన పనిని విద్యార్థి తన లాప్‌టాప్‌లో క్షణాల్లో చేసుకోవచ్చు.

ఈ సౌకర్యంలో ఒక మెలిక ఉంది. లెక్కకు సరిపోయే జవాబులు లెక్కలేనన్ని ఉన్నప్పుడు కంప్యూటర్ ఏదో ఒకదాన్ని ఎంచాలి. దేన్ని ఎంచాలో మనమే చెబుతాం. చాలాసార్లు నునుపైన జవాబు కావాలంటాం, కారణం దానితో లెక్క కుదురుగా సాగుతుంది. అప్పుడు అడుగున నిట్టనిలువున పగులున్నా యంత్రం దాన్ని మెల్లని వాలుగా గీస్తుంది. తెర మీద కనిపించే ఆ వాలు కొంత భూమిది, కొంత మన ఇష్టానిది. రంగుల బొమ్మ చూసేవాడికి ఏది ఎంతో తెలియదు. అందుకే ప్రతి నమూనా పక్కనా దాన్ని కట్టినవాళ్ళు ఏమేం అనుకుని కట్టారో రాసి ఉండాలని నా కోరిక. నమూనా ఎంత ముఖ్యమో ఆ అనుకున్నవీ అంతే ముఖ్యం.

అనుమానాన్ని తగ్గించే మొదటి దారి రెండో సాక్షిని పిలవడం. గురుత్వం రాతి బరువును చెబితే అయస్కాంతం రాతిలోని మ్యాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజాన్ని చెబుతుంది. ఇసుకరాయి దాని ముందు దాదాపు మూగది. గ్రాన్యులైట్లు, నల్లటి డోలరైట్ గోడలు బాగా పలుకుతాయి. 580 డిగ్రీల వేడి దాటితే మ్యాగ్నెటైట్ తన గుణం పోగొట్టుకుంటుంది కాబట్టి అయస్కాంతం చూపు కొంత లోతు దాకానే. గురుత్వానికి అలాంటి హద్దు లేదు. ఇంకో సంగతి, మన అక్షాంశంలో భూమి అయస్కాంత రేఖలు నేలకు బాగా ఏటవాలుగా దిగుతాయి. అందువల్ల రాయి ఒకచోట ఉంటే పటం మీద దాని గుర్తు ఉత్తరాన తగ్గుగా, దక్షిణాన పెరుగుగా రెండుగా చీలి కనబడుతుంది. పెరుగు కనబడిన చోట బోరు దించితే రాయి పక్కకు ఉండిపోతుంది.

ఇద్దరు సాక్షులు పొందిక లేకుండా మాట్లాడినప్పుడు కూడా ఉపయోగమే. మద్దేడుకు తూర్పున బైలాడిల కొండలున్నాయి. 1968 నుంచి అక్కడ ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. అక్కడి హెమటైట్ సాధారణ రాయికి దాదాపు రెట్టింపు బరువు, కానీ అయస్కాంత గుణం బలహీనం. అలాంటి ఖనిజం మీద గురుత్వం గట్టిగా లేస్తుంది, అయస్కాంతం అంతగా లేవదు. ఇనుము ఉందంటే అయస్కాంతం ఎగిరి పడాలనుకునేవాళ్ళు ఇక్కడ దాటి వెళ్ళిపోతారు. రెండు మాటలకూ మధ్యనున్న తేడాయే ఆ రాయి ఫలానాది అని చెప్పే ఆధారం.

రెండో దారి నేల మీద నడవడం. వాగులో బయటపడ్డ రాతిని చిన్న ముక్క కొట్టుకుని, గాలిలో ఒకసారి, నీళ్ళలో ముంచి ఒకసారి తూచి సాంద్రత కట్టాలి. ఎవరైనా బోరు వేస్తుంటే అక్కడికి పోయి నిలబడాలి. బోరు బండి మొదలైతే ముందు ఎర్రమట్టి లేస్తుంది. తర్వాత పసుపు మొరం, ఆ తర్వాత బూడిదరంగు పొడి. పొడి రంగు మారిన చోట ఎన్ని రాడ్లు దిగాయో గుర్తుంచుకుంటే అది లోతు కొలతే. "పైన మొరమే అన్నా, ముప్పై అడుగుల కాణ్ణుంచి నల్లరాయి తగిలింది, నీళ్ళు మాత్రం పడలే" అని పొలం ఆసామి చెప్పే మాటలో నమూనాకు కావలసిన హద్దు ఉంది. ఇన్ని జవాబుల్లో ముప్పై అడుగుల దగ్గర నల్లరాయి లేని జవాబులన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. నీళ్ళు పడలేదన్న బాధలో చెప్పిన ఆ మాటను ఎవరూ రాసుకోకపోతే మాత్రం అది అక్కడితో ఆగిపోతుంది. ఊళ్ళలోని బోర్ల కథలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కితే మన నేల పటం ఎంత మెరుగుపడుతుందో అనిపిస్తుంది.

ఒకే కొలతకు రెండు జవాబులు ఉండటం కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన జార్జ్ ఎవరెస్ట్, తన ఉద్యోగం తొలి రోజుల్లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో తిరిగి తీవ్రమైన జ్వరం తెచ్చుకున్నాడు. తర్వాతి కాలంలో ఉత్తరాన కల్యాణ, మధ్య భారతంలో కల్యాణపూర్ అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద కొలిచి ఒకసారి, నక్షత్రాల లెక్కతో ఒకసారి చూస్తే అయిదు ఆర్క్‌సెకన్లకు కాస్త ఎక్కువ తేడా వచ్చింది. నిలువు దిశ చూపడానికి వేలాడదీసే గుండును హిమాలయాలు తమ వైపు లాగడం వల్లనే అని జాన్ ప్రాట్ లెక్కవేశాడు. ఆ లెక్క ప్రకారం తేడా దాదాపు 16 సెకన్లు రావాలి. కొండలు అనుకున్నంతగా లాగడం లేదు. 1855లో జార్జ్ ఎయిరీ, కొండల కింద తేలికరాతి వేళ్ళు లోతుగా దిగి ఉంటాయన్నాడు. నాలుగేళ్ళ తర్వాత ప్రాట్, కొండల రాయే కిందిదాకా తేలికై ఉంటుందన్నాడు. అంకెలు ఇద్దరికీ సరిపోయాయి. తర్వాతి వందేళ్ళలో తేలిందేమంటే హిమాలయాల కింద ఎయిరీ చెప్పింది ఎక్కువ నిజం, సముద్రాల నడిమి కొండల వరుసల కింద ప్రాట్ మాటకు ఎక్కువ బలం. ఆనాడే ఎవరైనా ఒక జవాబును చించి పారేసి ఉంటే భూమి గురించిన సగం జ్ఞానం ఆలస్యమయ్యేది.

లోతున ఏముందో తెలియడం పుస్తకాల పని మాత్రమే అయితే నేనింత పట్టించుకునేవాణ్ణి కాను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో మళ్ళీ కంపించినప్పుడు బస్తర్ దాకా ఇళ్ళు ఊగాయి. లోయ పగుళ్ళు పాతవే, నిర్జీవం మాత్రం కాలేదు. ఏ పగులు ఎటు వాలి ఎంత లోతుకు పోతుందో చెప్పే నమూనా, మట్టిగోడల ఇళ్ళలో ఉండేవాళ్ళకు నేరుగా సంబంధించినది. నునుపు కోసం వాలుగా గీసిన గీత ఇక్కడ వేరే ఊరిని ప్రమాదంలో చూపిస్తుంది.

అలాగే పటం మీద ఎర్రగా మెరిసిన మచ్చ కింద ఖనిజం ఉండొచ్చు, దాని పైన మాత్రం పోడు పొలం, ఇప్పచెట్లు, చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళు ఉంటాయి. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట్లాడే చోటు ఇచ్చింది. ఆ చోటులో కూర్చున్నవాళ్ళ ముందుకు ఎప్పుడైనా ఒక నమూనా వస్తే, అది ఒకే బొమ్మగా రాకూడదు. ఇదే కొలతలకు సరిపోయే ఇంకో రెండు మూడు బొమ్మలు పక్కనే ఉండాలి. వేటిని ఏ ఆధారంతో తోసేశారో, వేటిని ఇంకా తోసేయలేకపోయారో తెలుగులో, గోండీలో చెప్పాలి. వినేవాళ్ళకు అర్థం కాదని అనుకోవడం తప్పు. ముప్పై అడుగుల దగ్గర నల్లరాయి తగిలిందని చెప్పగలిగిన ఆసామి, మీ రెండో బొమ్మ ఎందుకు చెల్లదో కూడా చెప్పగలడు. ఇన్ని జవాబులు ఉండటాన్ని శాస్త్రం దాచుకోవలసిన లోపంగా నేను చూడను. తమకు తెలిసినంత, తెలియనంత రెండూ బల్ల మీద పెట్టి ఆ నేల మీద బతికేవాళ్ళను లెక్కలోకి పిలిచిన రోజున, మన విశ్వవిద్యాలయాల్లో ఇన్ని దశాబ్దాలు పడ్డ శ్రమకు పూర్తి ఫలం దక్కుతుంది.